డేగిసా కింద చుక్క

తీరరక్ష కేంద్రంలో ఒకప్పుడు నలభై ఇద్దరు కూర్చుని ప్రోగ్రాములు రాసేవారు. ఇప్పుడు రాసే మనిషి ఒక్కరూ లేరు. చదివే మనిషి మాత్రం ఒకతే మిగిలింది. ఆమె పేరు నూకరత్నం. కేంద్రంలో అందరూ రత్న అంటారు. ఆ 'నూక' అన్న ముక్కని ఉద్యోగంలో చేరిన రోజే ఆమె తనంతట తానే గుమ్మం బయట వదిలేసి వచ్చింది. కాకినాడ దాటాక సముద్రం ఒడ్డునున్న సూరాడపేటలో జాలరి ఎల్లాజీ కూతుర్నని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇప్పుడు రాసేదల్లా రాయసం. అది మనిషి కాదు, యంత్రం. ఏం కావాలో మామూలు తెలుగులో చెబితే చాలు, చెప్పినవాడు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేలోగా ప్రోగ్రాం రాసేస్తుంది. ఆ ప్రోగ్రాముకి పరీక్షలూ అదే పెడుతుంది, పేపర్లూ అదే దిద్దుతుంది, మార్కులూ అదే వేసుకుంటుంది. నూటికి తొంభై తొమ్మిదికి తగ్గిన రోజు లేదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని మొదట్లో రత్న ఎగతాళి చేసింది. కానీ రాయసం దొంగ కాదే! అబద్ధమాడదు, బద్ధకించదు, ఎక్కడి సరుకు అక్కడ సర్దిపెడుతుంది. ఏడేళ్ళుగా రత్న దాని రాతలు చదువుతోంది, వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు దొరకలేదామెకు. తప్పు దొరకని చదువు ఎంత విసుగో చదివినవాళ్ళకే తెలుస్తుంది.

మనుషులు రాసిన పాత ప్రోగ్రాములు ఇలా ఉండేవి కావు. అంతా కలగాపులగం. మధ్యమధ్య తిట్లూ శాపనార్థాలూ. "ఈ లైను ముట్టుకున్నవాడు వాడి పాపాన వాడే పోతాడు" అని ఒకాయన రాసిపెట్టుకున్నాడు. పడవలు మూగబోతే ఎంతసేపు ఆగాలన్న చోట, ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన వరప్రసాదు అనే కుర్రాడు ఇలా రాశాడు: "రెండు గంటలు. ఇంకా ఆగొచ్చేమో, కానీ నాకు భయం."

పడవల సంగతి కూడా చెప్పాలి. తీరంలో ప్రతి పడవకీ కేంద్రం వాళ్ళు నారింజరంగు పెట్టె ఒకటి బిగించారు. అది ఐదు నిమిషాలకోసారి ఆకాశంలోని ఉపగ్రహానికి తన జాడ పలుకుతుంది. కేంద్రంలో గోడంత తెర మీద ఒక చుక్క వెలుగుతుంది, పెట్టె పలికినప్పుడల్లా మినుకుమంటుంది. అందుకని జాలర్లు దాన్ని చుక్కపెట్టె అంటారు. పెట్టె రెండు గంటలు పలక్కపోతే ప్రమాదగంట మోగుతుంది, గస్తీ లాంచీ కదులుతుంది. క్రిందటేడు లాంచీ అలా నాలుగు వందల పన్నెండు సార్లు పరుగెత్తింది. వెళ్ళిన ప్రతిసారీ పడవ నిక్షేపంగా ఉంది, జాలర్లు అన్నం తింటూ ఉన్నారు.

"ఈ ఉత్తుత్తి పరుగులు ఇంక నావల్ల కాదమ్మా రత్నా," అన్నారు కేంద్రం పెద్ద సదాశివమూర్తి గారు. రాయసానికి కూడా అదే చెప్పారు. నిజమైన ప్రమాదం ఒక్కటీ తప్పిపోకూడదు, ఉత్తుత్తి గంట ఒక్కటీ మోగకూడదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఎదగాలి! మనిషికి చెబితే నవ్వేవాడు. రాయసం నవ్వలేదు. గడచిన పదకొండేళ్ళ రికార్డులు చదివి, కొత్త ప్రోగ్రాం రాసి, పరీక్షలన్నీ పెట్టుకుని, తొంభై తొమ్మిదిన్నర మార్కులతో రత్న ముందు పెట్టింది.

రత్న చదివింది. సగం దాటాక ఒకచోట ఆగిపోయింది. అక్కడ ఇలా ఉంది:

తుపాను హెచ్చరిక లేని రోజున, పగటిపూట, చేపలుండే చోట ఆగిన పడవ మూగబోతే దాన్ని విశ్రాంతి అనుకో. చుక్కని పచ్చగానే ఉంచు. ఎనిమిది గంటలు ఆగు. మధ్యలో ఒక్కసారి పలికినా క్షేమమే, గడియారం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టు. కింద కారణం కూడా రాసింది రాయసం: "ఇటువంటి మౌనాలు పదకొండు వేల నాలుగు వందల ఆరు. ప్రతి పడవా తిరిగి పలికింది." వరప్రసాదు భయాన్ని ఆధారం లేని వాక్యమని కొట్టేసింది.

రత్నకి నవ్వొచ్చింది. ఆ పదకొండు వేల మౌనాలూ ఏమిటో కేంద్రం మొత్తం మీద ఆమె ఒక్కదానికే తెలుసు. అవన్నీ డేగిసాలు.

ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు అయ్య పడవెక్కించుకుని తీసుకెళ్ళాడు. కోనాం చేపల గుంపు తగిలింది. అయ్య వల జోలికి పోలేదు. ముందు అన్నం వండుకునే సిల్వరు డేగిసా తీసి చుక్కపెట్టె మీద బోర్లించి దాని నోరు మూశాడు. "పెట్టె పలికిందంటే మన జాడ ఊరందరికీ తెలిసిపోద్ది. సేప సిక్కిన సోటు సేతిలో రాత లాంటిది, ఇంకోడికి సూపించకూడదు," అన్నాడు. ఒడ్డు కనబడుతుండగా ఆమె చెయ్యి తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. "గంగమ్మ తల్లి మీద ఒట్టు. డేగిసా సంగతి ఎవురికీ సెప్పకు. తెలిత్తే పడవ పర్మిట్టు లాగేత్తారు." తీరమంతటా ఇదే పద్ధతి. గుంపు తగిలితే డేగిసా బోర్లించడం, లాంచీ వెంటపడకుండా గంటన్నరకోసారి ఎత్తి పెట్టెని ఒకసారి పలకనివ్వడం, మళ్ళీ బోర్లించడం. ఆరితేరిన జాలరికి అదొక వంటపనిలా అలవాటైపోయింది.

రత్న రాయసాన్ని అడిగింది: "పడవలు ఎందుకు మూగబోతున్నాయి?"

"కారణం రికార్డుల్లో లేదు. ఫలితం మాత్రం స్థిరంగా ఉంది," అని జవాబిచ్చింది రాయసం.

అంతలో సదాశివమూర్తి గారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. రాసేది యంత్రమైనా, కాగితం మీద సిరా పడందే ప్రోగ్రాం సముద్రంలోకి దిగకూడదని ఆయన పట్టుదల. "ఏమ్మా, ఈ పడవలు ఇలా మూగబోవడానికి కారణం ఏమైనా తోస్తోందా నీకు?" అన్నారు మామూలుగానే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రత్న ఉలిక్కిపడింది. చెబితే ఊరందరి పర్మిట్లూ పోతాయి. ముందు తమ్ముడి పడవ పోతుంది. నీకెలా తెలుసమ్మా అంటారు, గుమ్మం బయట వదిలేసిన ముక్క లోపలికి నడిచొస్తుంది. చెప్పకపోతే? పదకొండేళ్ళలో ఒక్కటీ మునగలేదు కదా. పాము చావదు, కర్ర విరగదు. అనుకుంది గానీ, మునిగిన పడవా డేగిసా బోర్లించిన పడవా తెర మీద ఒకేలా ఉంటాయని ఆమెకి ఆ క్షణాన తట్టకపోలేదు. తట్టింది. తట్టినా పక్కకి నెట్టేసింది.

"ఏమీ తోచడంలేదండి," అంది. రిజిస్టరులో 'లోపాలు' అన్న గడిలో 'లేవు' అని రాసి సంతకం పెట్టింది.

*

నెల తిరిగాక ఒక ఆదివారం సూరాడపేట వెళ్ళింది. అమ్మ కాసులమ్మ చందువాల పులుసు పెట్టింది. తమ్ముడు పోలిరాజు పీట వాల్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. అయ్యకి చూపు మందగించాక పడవ వాడిదే. వాడికి ఇరవై నాలుగు. మాట్లాడితే చాలు పళ్ళన్నీ బయటపడతాయి.

"అక్కా, మీ లాంచీవోళ్ళకి ఏవైందే? నెల్లాళ్ళయింది, ఒక్కడూ మా ఎనకాల పడట్లేదు. అందరూ పెళ్ళిళ్ళకెళ్ళారా?"

"కొత్త ప్రోగ్రాం వచ్చిందిరా. ఎనిమిది గంటల దాకా ఎవరూ రారు."

"ఎనిమిది గంటలే!" ఎంగిలి చేత్తోనే చప్పట్లు కొట్టాడు పోలిరాజు. "అమ్మా, ఇన్నావా? అక్క మనకోసవే రాసేసిందే!"

"నేను రాయలేదు. చదివానంతే."

"సదివి సంతకం ఎట్టావు కదా. అది సాలు." పులుసు జుర్రుకుంటూ అన్నాడు. "అందుకేనన్నమాట. ఇదివరకు గంటన్నరకోసారి డేగిసా లేపి సచ్చేవోళ్ళం. ఇప్పుడు పొద్దున్న బోర్లిత్తే సాయంకాలం లేపుతున్నారు అందరూ."

రత్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇది ఆమె అనుకోలేదు. లాంచీ వస్తుందన్న భయం ఉన్నన్నాళ్ళూ జాలర్లు గంటన్నరకోసారైనా పలికేవారు. ఆ భయాన్ని రాయసం శుభ్రంగా తుడిచేసింది.

"ఒరేయ్, లాంచీ రాకపోయినా నువ్వు మాత్రం గంటకోసారి లేపరా," అంది.

"ఎందుకే? ఎవురు సూత్తారని?"

"నేను చూస్తాను. నా తెర మీద నీ చుక్క ఎప్పుడూ పెట్టుకునే ఉంటాను."

పోలిరాజు నవ్వాపుకుని ఆమె మొహంలోకి చూశాడు. "సరేలే. నువ్వు సూత్తానంటే లేపుతాలే," అన్నాడు. నులకమంచం మీంచి ఎల్లాజీ, "పాప సెప్పింది ఇనరా. పెట్టెకీ కాత్త గాలాడాల," అన్నాడు. అందరూ నవ్వారు. రత్న కూడా నవ్వింది.

మాట ఇచ్చినట్టే నాలుగైదు రోజులు గంటకోసారి లేపాడు. ఆ తర్వాత రెండు గంటలకోసారి అయింది. ఆ తర్వాత ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు. అటు కేంద్రంలో రాయసం నెలవారీ నివేదిక ఇచ్చింది: మౌనాలు మూడింతలయ్యాయి, అన్ని పడవలూ తిరిగి పలికాయి, నిర్ణయం సరైనదేనని రుజువైంది. మార్కులు తొంభై తొమ్మిదిన్నర నుంచి తొంభై తొమ్మిది పాయింటు ఏడుకి పెరిగాయి. సదాశివమూర్తి గారు స్వీట్లు పంచారు.

*

ఆషాఢమాసం, మంగళవారం. హెచ్చరికలేవీ లేవు. పొద్దున్న తొమ్మిదీ నలభైకి పోలిరాజు చుక్క మూగబోయింది. గుంపు తగిలిందన్నమాట, అనుకుంది రత్న. చుక్క పచ్చగానే ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో 'విశ్రాంతి' అని ఉంది.

పన్నెండున్నరకి కిటికీ అవతల ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. ఈదురుగాలి లేచింది. వాతావరణ శాఖ అంచనాకి అందని గాలి అది, గంటసేపు ఉండి పోయే రకం. రత్న కేరేజీ విప్పబోయి ఆగి తెర ముందు నిలబడింది. పన్నెండూ యాభైకి పోలిరాజు చుక్క ఒక్కసారి మినుకుమంది. పక్కన అక్షరాలు మారాయి: 'పడవ పలికింది. క్షేమం.'

"హమ్మయ్య," అంది పైకే. కూర్చుని అన్నం తింది. పెరుగన్నం కూడా తింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ పెరుగన్నం ఆమె గొంతులోనే ఉండిపోయింది.

రెండున్నరకి అమ్మ ఫోను. "పాపా, పడవలన్నీ ఎనక్కి తిరిగాయంటన్నారే. తమ్ముడు ఫోను కలవట్లేదు. నీకు అవుపడతన్నాడా?"

"పచ్చగానే ఉన్నాడమ్మా," అంటూనే తెర వైపు చూసింది. గాలికి బెదిరి ప్రతి పడవా డేగిసా ఎత్తేసినట్టుంది, సముద్రం నిండా చుక్కలు మినుకు మినుకుమంటున్నాయి. ఒక్క పోలిరాజు చుక్క మాత్రం మినుకుమనకుండా పచ్చగా ఉంది. పన్నెండూ యాభై తర్వాత అది ఒక్కసారీ పలకలేదు. గాలిలో డేగిసా ఎత్తిన జాలరి ఎవడూ దాన్ని తిరిగి బోర్లించడు. రాయసానికి ఆ సంగతి తెలీదు. నూకరత్నానికి తెలుసు.

సదాశివమూర్తి గారి గదిలోకి పరుగెత్తింది. "లాంచీ పంపించండి సార్! పడవ మునిగింది!"

ఆయన కంగారుపడి తెర చూశారు. "పచ్చగా ఉంది కదమ్మా. పన్నెండూ యాభైకి పలికింది కూడానూ. రాత్రి తొమ్మిదింటి దాకా గంట మోగదు. గంట నంబరు లేకుండా లాంచీవాళ్ళు కదలరు, రాతపూర్వకంగా కారణం అడుగుతారు. ఏమని రాయను?"

"డేగిసా సార్."

"ఏమిటి?"

చెప్పింది. నిలబడే, ఊపిరి తీసుకోకుండా, మొత్తం చెప్పేసింది. పదకొండు వేల డేగిసాలు, గంగమ్మ మీద ఒట్టు, ఆ పడవలో ఉన్నది తన తమ్ముడని. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సంతకం పెట్టిననాడు తెలుసా నీకిది?"

"తెలుసండి."

ఆయన ఫోను అందుకున్నారు. అక్కణ్ణుంచి ఒకరి మీద ఒకరు, ఆ ఆఫీసు మీద ఈ ఆఫీసు, అందరూ ఒకటే మాట: మా దగ్గర పచ్చగా ఉందండీ. లాంచీ కదిలేసరికి నాలుగూ పది అయింది. అదే వరప్రసాదు ప్రోగ్రామైతే పొద్దున్న పదకొండూ నలభైకే లాంచీ బయలుదేరి, గాలి లేచే వేళకి పడవ పక్కనే ఉండేది. బయలుదేరినప్పుడు అది ఉత్తుత్తి పరుగే అయ్యుండును. ఆ ఉత్తుత్తి పరుగులన్నీ దేనికోసమో ఆ మధ్యాహ్నం రత్నకి అర్థమయింది.

సాయంత్రం ఆరింటికి తిరగబడ్డ పడవ దొరికింది. ఐసుపెట్టె పట్టుకుని తేలుతూ ఇద్దరు దొరికారు. మూడోవాడు దొరకలేదు.

దొరికినవాళ్ళలో పెద్దవాడు అప్పలకొండ. ఎల్లాజీతో ముప్పై ఏళ్ళు పడవ నడిపిన మనిషి. ఆసుపత్రి మంచం మీద రత్న చెయ్యి పట్టుకుని చెప్పాడు. "పడవ ఒక పక్కకి ఒరిగిపోతంది పాపా. దూకెయ్యరా అని అరిశాను. ఇంటేనా! డేగిసా లేపాలి మావా అన్నాడు. డేగిసా లేపితే అక్క సూత్తాది అని పడవ గదిలోకి దూరాడు. డేగిసా ఇసిరేసిన సప్పుడు ఇన్నాను. పెట్టె మీద ఆపదకని ఎర్రమీట ఉంటాది సూడు, అది పది లెక్కెట్టేదాకా నొక్కి పట్టుకోవాల. పైకే లెక్కెట్టాడు పాపా, నాకినబడింది. ఆరు దాకా ఇనబడింది."

వాడు డేగిసా లేపాడు. పెట్టె ఒక్కసారి పలికింది. ఆ ఒక్క పలుకూ రాయసం విన్నది, క్షేమం అనుకుని గడియారం మళ్ళీ మొదలుపెట్టింది. అక్క కూడా చూసింది. చూసి, హమ్మయ్య అనుకుని, అన్నం తింది.

*

పదహారో రోజున కేంద్రానికి వెళ్ళింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో విచారణ తేల్చాలి. ఈలోగా సదాశివమూర్తి గారే కబురు పెట్టారు. ఆ పదిహేను రోజుల్లో మనిషి సగమైపోయారు.

"రాయసం కొత్తది రాసింది," అన్నారు తలుపు దగ్గరే నిలబడి. "నువ్వు చెప్పిన డేగిసా సంగతి దానికి చెప్పాను. చదివి చెప్పడానికి నువ్వు తప్ప నాకెవరూ లేరమ్మా. పర్మిట్ల సంగతి... ఎవరి జోలికీ వెళ్ళవద్దని పైవాళ్ళకి రాశాను. వింటారో లేదో."

రత్న కూర్చుని చదివింది. ఎప్పట్లాగే తప్పు లేదు. బోర్లించిన పెట్టెకీ మునిగిన పెట్టెకీ తేడా పట్టే ఉపాయం రాసింది, గాలి లేచినప్పుడు చుట్టుపక్కల పడవలు పలికి ఒకటి పలక్కపోతే వెంటనే గంట కొట్టమని రాసింది. ముప్పై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాడికి తెలిసే విషయాలు. చెప్పగానే రెండు నిమిషాల్లో రాసేసిందట. చెప్పి ఉంటే ఆనాడూ రెండు నిమిషాల్లోనే రాసేది. రత్నకి యంత్రం మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

చివర్న పరీక్షలున్నాయి. ఆఖరిది కొత్తది, పదకొండు వేల నాలుగు వందల ఏడో నంబరుది. పేరు చూడకుండానే ఆమెకి అర్థమయింది. ఆ మంగళవారం రికార్డునే పరీక్షగా మార్చింది రాయసం. ఆమె మీట నొక్కింది.

తెర మీద తొమ్మిదీ నలభై. పోలిరాజు చుక్క మూగబోయింది. పదకొండూ నలభై, పసుపురంగు తిరిగింది. పన్నెండున్నర, గాలి. చుట్టూ చుక్కలు పలికాయి. పన్నెండూ యాభై, చుక్క ఒక్కసారి మినుకుమని ఆరిపోయింది. ఆ వెంటనే తెరంతా ఎర్రబడింది, గంట మోగింది, లాంచీ గుర్తు గబగబా కదిలి చుక్కని చేరింది. కింద అక్షరాలు పడ్డాయి: 'పరీక్ష 11,407. ఉత్తీర్ణం. సిబ్బంది ముగ్గురు. ముగ్గురూ క్షేమం.'

రత్న ఆ అక్షరాల్ని చాలాసేపు చూసింది. మళ్ళీ నొక్కింది. ముగ్గురూ క్షేమం. మళ్ళీ నొక్కింది.

సదాశివమూర్తి గారు రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఆమె వెనక పేజీ తిప్పింది. 'లోపాలు' అన్న గడిలో తన చేతిరాత, 'లేవు'. దాన్ని కొట్టేసి పక్కన రాసింది: 'నాకు తెలుసు. చెప్పలేదు.' కింద సంతకం పెట్టింది, ఈసారి పూర్తిపేరు, నూకరత్నం అని. ఆ తర్వాత కొత్త పేజీలో కూడా పెట్టింది. సముద్రం మీద ఇంకా పడవలున్నాయి, పెట్టక తప్పదు.

ఫోను మోగింది. అమ్మ. దొరకని కొడుక్కి, పోయినవాళ్ళకి పెట్టే దీపం ఆ తల్లి ఇంకా పెట్టనివ్వలేదు. రోజూ ఈ వేళకి చేసి ఒకటే మాట అడుగుతుంది.

"పాపా, తమ్ముడి సుక్క ఏవైనా అవుపడతందేంటే?"

రత్న పరీక్ష మీట నొక్కింది. తెర మీద తొమ్మిదీ నలభై అయింది. నడిసముద్రంలో ఒక చుక్క పచ్చగా వెలుగుతోంది.

"కనబడుతోందమ్మా," అంది రత్న. లాంచీ చుక్కని చేరేదాకా చూసి, మళ్ళీ మీట నొక్కింది.